ఇనాయతుల్లా సారు టవాలు లెక్కలు

మా ఎర్రబండకొట్టాల బడి చుట్టూ గోడ కట్టించింది నేను. గుంతకల్లు బస్సు మా ఊరి మలుపు దగ్గర నిలబడేట్టు చేసింది నేను. బడి కమిటీకి రెండుసార్లు అధ్యక్షురాలిగా ఉండింది నేను. నా పేరు హనుమక్క. ఐదో తరగతి దాకా ఈ ఊరి బడిలోనే చదివినాను. మా కాలంలో ఆడపిల్ల ఐదు దాటేది లేదు. ఆ ఐదులో నేర్చిన కూడికలు, తీసివేతలతోనే నా కాపురం అంతా జీవాల వ్యాపారం చేసినాను. గొర్రెల సంతలో మగోళ్ళతో సమానంగా టవాలు కింద చెయ్యి పెట్టి బేరం చేసిన ఆడది మా చుట్టుపక్కల నాకంటే ముందు ఎవరూ లేరు. నా పొట్టేలుకు మండలం ప్రదర్శనలో బహుమతి కూడా వచ్చింది, ఆ ఫోటో ఇంట్లో ఉండాది, ఎవరైనా వచ్చి చూడొచ్చు.

ఇవన్నీ ముందే ఎందుకు చెప్తానంటే, ఇంత చేసిన మనిషిని, ఒక్క మనిషి విషయంలో మాత్రం ఏమీ చేయలేకపోయినాను. ఆ మనిషి మా బడిలో లెక్కలు చెప్పిన ఇనాయతుల్లా సారు.

సారు గుంతకల్లు మనిషి. వాళ్ళ నాయన రైల్వేలో వ్యాగన్లు తగిలించే పని చేసేవాడంట. ఇంజిన్ల మోతలో మాట వినపడాలంటే అరవాల్సిందే గాబట్టి ఆ ఇంట్లో అందరివీ పెద్ద గొంతులేనని సారే నవ్వుతా చెప్పేవారు. మా బడికి వచ్చిన కొత్తలో ఆయన ఎక్కాలు చెప్పిస్తే బస్సు మలుపు దగ్గర నిలబడినోళ్ళకు కూడా వినపడేది. మధ్యలో ఒకసారి ఆయనను వేరే ఊరికి మార్చాలని చూస్తే, జిల్లా ఆఫీసు దాకా పోయి నిలబెట్టించింది నేనే. అప్పుడు కమిటీలో ఉన్నాను. ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడినారు.

పోయినేడాది ఎండాకాలంలో ఆయన గొంతులో గడ్డ లేచింది. బెంగళూరులో ఆపరేషన్ చేసి తీసినారు. ప్రాణానికి భయం లేదన్నారు గానీ గొంతు పోయింది. మాట్లాడితే ఎండిన జొన్నాకులు ఒకదానికొకటి రాసుకున్నట్టు ఉండేది. పక్కన కూర్చుంటే అర్థమవుతుంది, నాలుగడుగులు దూరం జరిగితే పెదాలు కదిలేదే కనపడుతుంది. గట్టిగా మాట్లాడితే ఉన్నది కూడా పోతుందని డాక్టర్లు చెప్పి పంపినారు.

బడి తెరిచినాక ఏడో తరగతి పిల్లోళ్ళు కొన్నాళ్ళు జాలిపడినారు. తర్వాత గోల మొదలుపెట్టినారు. పిల్లోళ్ళు అంతే గదా. సారు నడుముకు కట్టుకునే చిన్న మైకు ఒకటి తెచ్చుకున్నారు. అందులో నుంచి మాట రాలేదు, గురగుర వచ్చింది. తరగతి అంతా నవ్వింది. సారు దాన్ని విప్పి సంచిలో పెట్టుకున్నారు.

తోటి అయ్యవార్లు ఆఫీసు పని అడిగి తీసుకోమన్నారు. ఇంట్లో ఆయన భార్య జుబేదాబీది కూడా అదే మాట. ఆయన వినలేదు. ఒకరోజు మా అరుగు మీద కూర్చుని, "తరగతిలో నిలబడకపోతే నేను ఇంక యాడికి పనికొస్తా అక్కా?" అన్నారు. ఆయనకు కావాల్సింది అదొక్కటే. జీతం ఆఫీసులోనైనా వస్తుంది. తరగతి రాదు.

బక్రీదుకు పొట్టేలు కొనాలని సారు ఒక శనివారం నా వెంట సంతకు వచ్చినారు. ఎప్పుడూ వాళ్ళ మామ కొనిచ్చేవాడంట, సంత చూసింది ఆయనకు అదే మొదలు. కాసేపు తిరిగి నా దగ్గరికి వచ్చి చెవి దగ్గర అడిగినారు.

"ఏమక్కా, ఇంత పెద్ద సంతలో బేరాల అరుపే లేదే?"

"అరిచి బేరం చేసేది ఉల్లిగడ్డలోళ్ళు సార్. జీవాల బేరం చేతుల్లో ఉంటుంది. చూడు ఆడ."

ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, కలిపిన చేతుల మీద టవాలు కప్పుకొని, ఎటో చూస్తా ఉన్నారు. ఒకడు తల అడ్డంగా ఊపినాడు. మళ్ళీ టవాలు కదిలింది. సారు రెప్ప వేయకుండా చూసినారు.

"నాకు నేర్పిస్తావా అక్కా?"

"చెయ్యి ఇయ్యి."

ఆయన అటూ ఇటూ చూసినారు. "అందరూ చూస్తారక్కా."

"టవాలు కప్పేది అందుకే గదప్పా."

నవ్వినారు. ఆ నవ్వుకు శబ్దం లేదు, భుజాలు కదిలినాయి. నేను ఆయన చెయ్యి పట్టుకొని చూపించినాను. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, మొత్తం పట్టుకుంటే ఐదు. రెండు వేళ్ళు పట్టి వదిలి, మళ్ళీ మొత్తం పట్టుకుంటే ఇరవై ఐదు. అది ఇరవై ఐదు నూర్లా, ఇరవై ఐదు వేలా అనేది ఎదురుగా ఉన్న జీవాన్ని చూస్తే తెలిసిపోతుంది. లోపలి అంకె ఆ ఇద్దరికే తెలుసు.

ఆటోలో తిరిగి వచ్చేటప్పుడు పొట్టేలు ఆయన కాళ్ళ దగ్గర, ఆయన చూపు యాడనో. నా వైపు వంగి అడిగినారు.

"చుట్టూ నిలబడినోళ్ళకు లోపలిది తెలీదు గదా. వాళ్ళేం చేస్తారు?"

"ఏం చేస్తారు, వాదించుకుంటారు. మొన్న అట్లాంటిది ఎంతకు పోయింది, వీడు తల ఎన్నిసార్లు ఊపినాడు, ఇవన్నీ చూసి ఇంత అని తేలుస్తారు. ముసలోళ్ళు చెప్పినారంటే తప్పేది తక్కువ."

"ఎవరూ చెప్పకుండానే తేలుస్తారు," అన్నారు సారు. నాతో అన్నట్టు లేదు.

సోమవారం నుంచి ఆయన తరగతి మారిపోయింది. పిల్లోళ్ళకు అన్నంలో గుడ్లు సరిగ్గా పెడుతున్నారో లేదో చూసే నెపంతో నేను మధ్యాహ్నానికి ముందే బడికి పోయి కిటికీ పక్కన కూర్చునేదాన్ని. కమిటీలో లేకపోయినా నన్ను ఎవరూ వద్దనేది లేదు, గోడ కట్టించినదాన్ని గదా. అందుకే ఇవన్నీ నా కళ్ళతో చూసి రాస్తాండేవి.

బీజగణితం అంటే ఏడో తరగతి పిల్లోళ్ళను భయపెట్టే పాఠం. అంకె ఉండాల్సిన చోట అక్షరం వచ్చి కూర్చుంటుంది. నాకు ఆ పాఠం తెలీదు, మా ఐదో తరగతిలో లేదు. సారు బల్ల మీద టవాలు పరిచి, దాని కింద కొన్ని చింతపిక్కలు దాచినారు. టవాలు పక్కన మూడు పిక్కలు బయట పెట్టినారు. బోర్డు మీద "అంతా కలిపి ఎనిమిది" అని రాసి, పోయి తరగతి వెనక గోడకు ఆనుకొని నిలబడినారు. అంతే.

పిల్లోళ్ళు వెనక్కి తిరిగి చూసినారు. సారు బోర్డు వైపు వేలు చూపించినారు.

"ఐదు," అన్నాడు అమాన్. వాడు మెకానిక్ కొడుకు, అన్నిటికీ తొందర.

"ఎట్ల చెప్తావు?" అన్నాడు తిప్పేష్. వాళ్ళది గొర్రెల ఇల్లు, నాకు దగ్గర బంధువు ఎర్రిస్వామి కొడుకు.

"ఎనిమిదిలో మూడు తీసేసినా."

"ఆయన కలిపినాడు, నువ్వెందుకు తీసేస్తావు? కలిపి చూడు, పదకొండు."

"పదకొండు ఎట్లయితాది రా, అంతా కలిపితేనే ఎనిమిది అని రాసినాడు. కలిపింది ఇప్పితేనే గదా లోపలిది తెలిసేది."

"ఇప్పేది నీ యబ్బ స్కూటరా?"

తరగతి నవ్వింది. కానీ అది మైకు రోజు నవ్విన నవ్వు కాదు. సరళ అనే పిల్ల లేచి, "ఐదైతే ఐదూ మూడూ ఎనిమిది వస్తాది, పదకొండైతే పద్నాలుగు వస్తాది, రెండూ పెట్టి చూడండి," అనింది. సరళ వాళ్ళ నాయన తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే పనిలో ఉంటాడు. ఈ పిల్ల అవ్వ దగ్గర పెరుగుతాంది. సంత మొహం చూసింది లేదు. తిప్పేష్ గొణుక్కుంటా వేళ్ళు లెక్క పెట్టుకున్నాడు. చివరికి సారు వచ్చి టవాలు తీసినారు. ఐదు పిక్కలు. ఔననీ కాదనీ ఒక్క మాట ఆయన అనలేదు.

అట్ల రోజూ. పిల్లోళ్ళు పుస్తకంలో టవాలు బొమ్మ గీసీ గీసీ విసుగొచ్చి, వాళ్ళే 'ట' అని రాసుకోవడం మొదలుపెట్టినారు. కొన్నాళ్ళకు సారు ఆ 'ట' తుడిచి ఎక్స్ రాసినారు. ఎందుకు సార్ అని అడిగితే ముందు బెంచీ వాళ్ళకు మెల్లగా చెప్పినారు, వాళ్ళు వెనక్కి చెప్పినారు: ఊరి బయటోళ్ళకు మన టవాలు తెలీదు, వాళ్ళతో లెక్క మాట్లాడాలంటే ఈ గుర్తు కావాలి. ఇంత చిన్న మాటకు పిల్లోళ్ళంతా ఊపిరి బిగబట్టి విన్నారు. ఆయన ఎప్పుడో ఒకసారి మాట్లాడుతారు గాబట్టి, మాట్లాడినప్పుడు గోల ఉండేది కాదు.

ఊళ్ళో మాటలు వేరేగా ఉన్నాయి. ఎర్రిస్వామి నన్ను రచ్చ దగ్గర పట్టుకున్నాడు.

"ఏమక్కా, నీ సారు బడిలో మూగబేరం నేర్పిస్తాండాడంట? మా వాణ్ణి దళారిని చేస్తాడా?"

"నీ మాదిరి గొర్రెల తోక పట్టుకొని తిరిగేదానికంటే మేలేలే."

"ఆ తోక పట్టుకొనే నువ్వూ పైకొచ్చినావు. జీతం తీసుకునేది సారు, పాఠం చెప్పేది పిల్లోళ్ళు. బాగుండాది బడి."

నలుగురూ నవ్వినారు. నేను కూడా నాలుగు అంటించి వచ్చినాను, మాటల్లో నన్ను గెలిచినోడు ఆ రచ్చ దగ్గర ఇంకా పుట్టలేదు. కానీ ఎర్రిస్వామి ఊరికే వదల్లేదు. పిల్లోళ్ళకు సారు ఏమీ చెప్పడం లేదని, ఆయనకు గొంతే లేదని పైఆఫీసుకు ఫోను చేసినాడు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఆ లోపలే తరగతిలో ఒక చిక్కు వచ్చింది. సారు బోర్డు మీద 2x అని రాసి, x ఐదైతే ఇది ఎంత అని అడిగినారు.

"ఇరవై ఐదు," అన్నాడు తిప్పేష్, తడుముకోకుండా.

అమాన్ కూడా అదే అన్నాడు. తరగతిలో సగం మంది అదే అన్నారు. అన్నారంటే అంటారు మరి. సంతలో నాయనల పక్కన నిలబడి పెరిగిన పిల్లోళ్ళు. మొదట రెండు, పక్కన ఐదు, ఇరవై ఐదు. నేను కిటికీలో కూర్చుని తల ఊపినాను, నాకూ అదే తోచింది.

సరళ ఒక్కతే ఒప్పుకోలేదు. "రెండు టవాళ్ళు అనుకుంటాండా నేను," అనింది.

"నీకు సంత తెలీదులే," అన్నాడు తిప్పేష్. "రెండు పట్టి ఐదు పడితే ఎంత? హనుమక్కవ్వను అడుగు."

అందరూ నా వైపు చూసినారు. "ఇరవై ఐదే," అన్నాను.

సారు అప్పుడు నన్ను ఒక చూపు చూసినారు. కోపం కాదు. బోర్డు మీద పిల్లోళ్ళు చెప్పినట్టే 25 రాసి, దాని కింద "అందరూ ఒప్పుకుంటారా? ఎందుకు?" అని రాసి వదిలేసినారు. ఆ రాత తుడవలేదు. మరుసటిరోజూ తుడవలేదు.

సాయంత్రం బస్సు కోసం నిలబడినప్పుడు అడిగినాను. "ఆ లెక్క ఒప్పేనా సార్?"

"తప్పక్కా. పది రావాలి. 2x అంటే రెండు టవాళ్ళు, ఒక్కోదాని కింద ఐదు."

నాకు మొహం చిన్నబోయింది. "మరి చెప్పేయొచ్చు గదా?"

"చెప్తే రాసుకుంటారు. నేను చెప్పినానని రాసుకుంటారు. రేపు ఇంకెవరన్నా ఇంకోటి చెప్తే అదీ రాసుకుంటారు." ఆయన ఊపిరి కూడగట్టుకుని మళ్ళీ చెప్పినారు. "వాళ్ళ లెక్కలోనే దానికి మందు ఉండాది. వాళ్ళలో ఎవరో ఒకరు x స్థానంలో సున్నా పెట్టి చూస్తారు. సున్నా పెడితే వాళ్ళ లెక్క ప్రకారం ఎంత?"

"రెండు పక్కన సున్నా. ఇరవై."

"టవాళ్ళ కింద ఏమీ లేదు గదక్కా. ఇరవై యాడి నుంచి వస్తుంది?"

నేను వేళ్ళ మీద వేసి చూసుకున్నాను. రెండు టవాళ్ళు, రెండింటి కిందా ఏమీ లేదు, ఇరవై యాడి నుంచి వస్తుంది. నిజమే.

"ఆ ప్రశ్న వాళ్ళలో ఒకరు అడగాలి," అన్నారు సారు. "అడిగిన రోజు తరగతి అంతా కొట్టుకుంటాది చూడు. ఆ కొట్లాట కోసం చూస్తాండా."

"ఎన్నాళ్ళు చూస్తావు?"

"అడిగేదాకా."

ఆ కొట్లాట వచ్చేలోపల పైఆఫీసు కారు వచ్చింది.

అధికారి చిన్న వయసువాడు. చెడ్డవాడు కాదు, ఆ మాట నేను రాయాల్సిందే. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చినాడు, పిల్లోళ్ళకు నమస్తే చెప్పినాడు. బోర్డు చూసి, "ఈ ఇరవై ఐదు ఎవరు రాశారు?" అని అడిగినాడు.

"మేమే సార్," అన్నారు పిల్లోళ్ళు, గర్వంగా.

"మాస్టారూ, ఇది తప్పు కదా?"

సారు తల ఊపినారు.

"తెలిసి ఎందుకు దిద్దలేదు?"

సారు చెప్పినారు. పెదాలు కదిలినాయి. పైన ఫ్యాను కటకటలాడతాంది, బయట పొయ్యి దగ్గర గిన్నెలు మోగుతాండాయి. అధికారి చెవి ముందుకు పెట్టి, "కొంచెం గట్టిగా చెప్పండి," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. సారు మెడ నరాలు ఉబ్బినాయి, చీరుకుపోయిన శబ్దం ఒకటి వచ్చింది, తర్వాత దగ్గు. చాలాసేపు దగ్గినారు. ముందు బెంచీలో ఒక పిల్ల నీళ్ళ సీసా ఇచ్చింది. అది పట్టుకొని పోయి ఎప్పటి మాదిరే వెనక గోడకు ఆనుకున్నారు.

ఇంక నేను ఊరికే ఉండలేకపోయినాను. లోపలికి పోయినాను.

"మీరెవరమ్మా?"

"హనుమక్కను సార్. ఈ బడికి గోడ కట్టించినదాన్ని. రెండుసార్లు కమిటీ అధ్యక్షురాలిని."

"ఇప్పుడు కమిటీలో ఉన్నారా?"

"ఇప్పుడు అధ్యక్షుడు వేరే మనిషి. వానలు లేవు గదా, జీవాలను తోలుకొని మేత ఉన్న చోటికి పోయినాడు. సారు గొంతు బదులు నేను చెప్తా, వినండి. చెయ్యి ఇయ్యండి."

ఆయన చెయ్యి ఇచ్చినాడు. బల్ల మీది టవాలు తీసి కప్పినాను. రెండు వేళ్ళు పట్టి వదిలి, మొత్తం పట్టినాను. "ఇది ఎంత సార్?"

"రెండూ ఐదూ, ఏడా?"

పిల్లోళ్ళంతా నవ్వినారు. "ఇరవై ఐదు సార్," అన్నాడు తిప్పేష్. సంత గురించి, జీవాల బేరం గురించి, పిల్లోళ్ళు ఈ లెక్క యాడ నుంచి తెచ్చుకున్నారో అంతా విడమర్చి చెప్పినాను. అంత బాగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు. అధికారి కూడా నవ్వినాడు. "ఓహో, అందుకా," అన్నాడు. గెలిచినాననుకున్నాను.

"బాగుందమ్మా," అన్నాడు, టవాలు మడిచి బల్ల మీద పెడుతూ. "అంటే ఈ తప్పు ఈ టవల్ వల్లే వచ్చింది. పరీక్ష పేపరు దిద్దేవాళ్ళు మీ సంతకు వచ్చి ఉండరు కదా. పిల్లలు అక్కడ ఇరవై ఐదు రాస్తే నష్టపోయేది పిల్లలు. నేను చెప్పింది కాదంటారా?"

సారు ఎదురుచూస్తున్న సున్నా సంగతి నాకు తెలుసు. పిల్లోళ్ళ ముందర అది నేను చెప్పేస్తే, సారు ఇన్నాళ్ళు నోరు కట్టుకున్నది దేనికి? చెప్పకపోతే ఈయనకు ఏం జవాబు ఇచ్చేది? సంతలో ఎంత గట్టి మనిషి ఎదురుపడినా నాకు మాట కరువైంది లేదు. ఆ పూట గోడ వైపు చూస్తా నిలబడినాను.

అప్పుడు సరళ లేచింది.

"సార్, సున్నా పెడితే..."

వెనక గోడ దగ్గర సారు నిటారుగా అయినారు. ఆ మొహం నేను చూసినాను. ఆపరేషన్ అయినాక ఆ మొహంలో అంత వెలుగు ఎప్పుడూ లేదు.

"ఉండమ్మా, కూర్చో," అన్నాడు అధికారి వెనక్కి తిరక్కుండానే. "పెద్దవాళ్ళం మాట్లాడుతున్నాం కదా."

సారు చెయ్యి పైకెత్తినారు. నోరు తెరిచినారు. ఆ పిల్లను చెప్పనియ్యండి అనే అన్నట్టుంది. ఆయన పెదాలు నాకు కనపడతాండాయి, అధికారి వీపు ఆయన వైపు ఉండాది. నేను, "సార్, ఆ పిల్ల..." అన్నాను. "అమ్మా, మీరు దయచేసి బయట కూర్చోండి," అన్నాడు. సరళ సారు వైపు చూసి, అధికారి వైపు చూసి, కూర్చుండిపోయింది. అన్నం గంట కొట్టినారు. పిల్లోళ్ళు ప్లేట్లు పట్టుకొని పరుగెత్తినారు. సరళ కూడా పోయింది.

అన్నాలయినాక సారును తనతోనే కారులో రమ్మన్నాడు అధికారి. గొంతు సంగతి డాక్టర్లు చూసి చెప్పాలి, అది మీకే మంచిది అన్నాడు. సారు చాక్‌పీసు ముక్క జేబులో వేసుకొని కారెక్కినారు. అనంతపురంలో పరీక్ష చేసి, ఈ గొంతుతో తరగతి వద్దని రాసిచ్చినారు. మండలం ఆఫీసులో కూర్చునే పని ఇచ్చినారు. ఆయన మళ్ళీ మా బడి గడప తొక్కలేదు.

నేను ఊరుకోలేదు. మండలానికి పోయినాను. అనంతపురానికి పోయినాను. ఎండలో వరండాల్లో కూర్చున్నాను. వెనకటి రోజుల్లో కుర్చీ వేసినోళ్ళు ఒక్కరూ ఆడ లేరు, అందరూ కొత్త మొహాలే. గోడ సంగతి, బస్సు సంగతి, కమిటీ సంగతి అన్నీ చెప్పినాను. కిటికీ వెనక కూర్చున్న పిల్లాడు ఓపికగా అంతా విని, "అవన్నీ సరే అవ్వా, ఇప్పుడు మీరెవరు?" అన్నాడు. ఎగతాళికి అనలేదు. కంప్యూటరులో ఏమని ఎక్కించాలో తెలియక అడిగినాడు. నాకూ తెలియలేదు.

ఊరికి వచ్చి ఎర్రిస్వామిని తిట్టినాను. వాడు తల వంచుకొని విన్నాడు. చివరికి, "నా కొడుకుకు లెక్కలు రావాలనుకున్నా అక్కా, అది తప్పా?" అన్నాడు.

సారు చోటికి నరేంద్ర అనే కుర్ర అయ్యవారు వచ్చినాడు. మంచి గొంతు. మంచివాడే. మొదటి రోజే బోర్డు చూసి, 25 కొట్టేసి, అక్షరం పక్కన అంకె ఉంటే హెచ్చించాలి అని చెప్పి, అందరితో మూడుసార్లు అనిపించినాడు. ఆ గొంతులన్నీ కలిసి బస్సు మలుపు దాకా వినపడినాయి. పరీక్షలో తిప్పేష్ ఆ లెక్క ఒప్పు చేసినాడు, అమాన్ కూడా. ఎర్రిస్వామి మిఠాయి పంచినాడు, నాకూ ఒకటి ఇచ్చినాడు, తిన్నాను.

ఒక సాయంత్రం కొళాయి దగ్గర సరళ కనపడితే అడిగినాను.

"ఆ రోజు ఏం చెప్పాలని లేచినావు పాపా?"

"x సున్నా అయితే వాళ్ళ లెక్కలో ఇరవై వస్తాది అవ్వా. టవాళ్ళ కింద ఏమీ లేకుండా ఇరవై ఎట్ల వస్తాది అని అడుగుదామని."

"మరి కొత్త సారు ముందర అడగలేదా?"

"ఎందుకవ్వా, జవాబు ఆయనే చెప్పేసినాడు గదా." బిందె చంకనెత్తుకొని పోయింది.

ఈ మాట చెప్పాలని మరుసటిరోజే మండలం ఆఫీసుకు పోయినాను. సారు ఒక మూల బల్ల దగ్గర, పాఠ్యపుస్తకాల కట్టల మధ్య కూర్చుని, ఏ బడికి ఏ కట్ట అని చీటీలు అంటిస్తాండారు. మాట్లాడే పని లేదు. నన్ను చూసి స్టూలు జరిపినారు. సరళ చెప్పింది చెప్పినాను.

ఆయన చేతిలో చీటీ ఆగింది. "సున్నా అనిందా? తనంతట తానే?"

"తనంతట తానే. ఎవరూ చెప్పలేదు."

"ఎంతసేపటికి అనిందో... మిగతావాళ్ళు ఏమన్నారు? తిప్పేష్ ఒప్పుకున్నాడా?"

"మిగతావాళ్ళు వినలేదు సార్. నాకొక్కదానికే చెప్పింది, కొళాయి దగ్గర."

ఆయన మెల్లగా తల ఊపినారు. నేను ఉండబట్టలేక, "నేను పోయి తరగతిలో చెప్పనా సార్? నరేంద్ర సారు నా మాట కాదనడు," అన్నాను.

"నువ్వు చెప్తే, నువ్వు చెప్పినట్టు అవుతుందక్కా," అన్నారు.

ఆ మాట కూడా ఆ ఆఫీసు గోలలో సగమే వినపడింది. పెదాలు చూసి తెలుసుకున్నాను. లోపలి నుంచి ఎవరో, "ఇనాయతుల్లా గారూ, గుంతకల్లు కట్టలు అయినాయా?" అని కేకేసినారు. ఆయన ఈడ నుంచి చెప్తే లోపలికి వినపడదు. లేచి ఆ కట్టలు ఎత్తుకొని పోయినారు. తిరిగి వస్తారేమోనని కాసేపు స్టూలు మీద కూర్చున్నాను. రాలేదు, ఇంకో కట్ట మీద పడినారు. బస్సు వేళ అవుతాంటే లేచి వచ్చేసినాను.